అల్జీమర్స్ ఎంత ముదిరిందో స్కాన్ చెప్పగలదా?

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో డెబ్బై దాటినవాళ్లకు మెదడు ఎంఆర్ఐ తీయిస్తే, రిపోర్టు చివర రెండు మాటలు తరచూ కనిపిస్తాయి. ఒకటి 'ఏజ్ రిలేటెడ్ సెరిబ్రల్ అట్రోఫీ'. వయసుతోపాటు మెదడు కొంత కుంచించుకుందని దాని అర్థం. రెండోది 'క్రానిక్ స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ ఛేంజెస్'. బీపీ, షుగర్ లాంటివాటి వల్ల సన్నటి రక్తనాళాలు దెబ్బతిన్న ఆనవాళ్లు ఉన్నాయని అర్థం. ఆ కాగితాన్ని ఫొటో తీసి అమెరికాలో ఉన్న కొడుక్కో కూతురికో వాట్సాప్‌లో పంపుతారు. అక్కడివాళ్లు ఆ మాటలు ఇంటర్నెట్‌లో వెతికి, "నాన్నకి అల్జీమర్సా? ఏ స్టేజీలో ఉంది?" అని అడుగుతారు. ఇంట్లో టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

ఆ ప్రశ్నకు ఆ రిపోర్టులో జవాబు ఉండదు. అడుగుతున్న ప్రశ్నకీ, తీసిన స్కాన్‌కీ పొంతన లేకపోవడమే కారణం. డాక్టరు చీటీ మీద చాలాసార్లు 'ఎంఆర్ఐ బ్రెయిన్ ప్లెయిన్' అని మాత్రమే ఉంటుంది. పక్షవాతం వచ్చిందా, కణితి ఉందా, ఎక్కడైనా రక్తం చేరిందా అని చూడటానికి అది చాలు. అల్జీమర్స్ ఎంత ముదిరిందో తెలియాలంటే ఏం కొలవాలో ముందే అనుకుని తీయాలి, అనుకున్నదాన్ని వెతుకుతూ చదవాలి. అలా చదివినా సరే, స్కాన్ చెప్పేది సగమే.

మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా (మరుపు, ఆలోచనల లోపం రోజువారీ పనులను దెబ్బతీసే స్థితి; దానికి ముఖ్య కారణం అల్జీమర్సే) ఉందని 2023లో వెలువడిన జాతీయస్థాయి అధ్యయనం అంచనా వేసింది. ఆడవాళ్లలో, పల్లెల్లో ఇది ఇంకా ఎక్కువ. వీళ్లలో ఎక్కువమందికి జబ్బు పేరు చెప్పినవాళ్లే లేరు. 'పెద్దతనం', 'చాదస్తం' అనే మాటలతోనే ఏళ్లు గడిచిపోతాయి. తీరా స్కాన్ దాకా వచ్చినప్పుడు ఆ ఒక్క కాగితమే అన్నీ తేల్చేస్తుందని ఆశపడటం సహజం. కానీ 'తీవ్రత' అనే ఒక్క మాట కింద మూడు వేరువేరు కొలతలున్నాయి. జబ్బు తాలూకు ప్రొటీన్లు మెదడులో ఎంతమేర పరుచుకున్నాయి అనేది ఒకటి. వాటివల్ల ఎంత మెదడు నశించింది అనేది రెండోది. మనిషి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలుగుతున్నారు అనేది మూడోది. మొదటి రెండూ స్కాన్‌లో దొరుకుతాయి. మూడోది ఇంట్లోనే దొరుకుతుంది. ఈ మూడూ ఒకేసారి, ఒకే వేగంతో నడవవు.

వైద్యులు స్టేజీ అని చెప్పేటప్పుడు ఎక్కువగా వాడేది ఈ మూడో కొలతే. దానికి ప్రపంచమంతటా వాడే పద్ధతి సీడీఆర్, అంటే క్లినికల్ డిమెన్షియా రేటింగ్. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉన్న వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 1982లో దీన్ని ప్రచురించారు. రోగితోనూ, దగ్గరుండి చూసుకునేవాళ్లతోనూ విడివిడిగా మాట్లాడి ఆరు విషయాలు తెలుసుకుంటారు: జ్ఞాపకం, రోజూ చోటూ తెలియడం, మంచిచెడ్డలు ఆలోచించి నిర్ణయించుకోవడం, బయటి వ్యవహారాలు, ఇంటి పనులు, సొంత శుభ్రత. అన్నీ కలిపి 0, 0.5, 1, 2, 3 అని అంకె వేస్తారు. సున్నా అంటే బాగున్నట్టు, 3 అంటే బాగా ముదిరినట్టు. బీసెంట్ రోడ్డుకి వెళ్లి చీర కొని, చిల్లర సరిచూసుకుని, ఒంటరిగా ఆటోలో తిరిగొచ్చే ఆవిడ ఇప్పుడు చిల్లర లెక్కపెట్టకుండానే పర్సులో వేసుకుంటున్నారంటే, అది ఈ కొలతలో పడాల్సిన వివరం. ఏ స్కానర్‌కీ అది తెలియదు.

ఇక మెదడులో ఏం జరుగుతుందో చూద్దాం. 1906 నవంబరులో జర్మనీలోని ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సమావేశంలో అలోయిస్ అల్జీమర్, అదే ఏడాది చనిపోయిన తన రోగి అగస్టె డేటర్ మెదడులో కనిపించిన రెండు రకాల మార్పులను వివరించారు. కణాల బయట పేరుకున్న ముద్దలు ఒక రకం, కణాల లోపల చిక్కుపడిన పోగులు ఇంకో రకం. ముద్దల్లో ఉండేది అమిలాయిడ్ అనే ప్రొటీన్ అనీ, చిక్కుల్లో ఉండేది టావ్ అనే ప్రొటీన్ అనీ చాలా దశాబ్దాల తర్వాత తేలింది. టావ్ ఎలా పాకుతుందో 1991లో హైకో బ్రాక్, ఈవా బ్రాక్ దంపతులు ఆరు దశలుగా చూపించారు. చెవి లోపలి వైపున, మెదడు అడుగు భాగంలో ఉండే ఎంటోరైనల్ ప్రాంతంలో అది మొదలవుతుంది. అక్కడి నుంచి కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్‌కు, ఆ తర్వాత పైపొరలోని మిగతా భాగాలకు పాకుతుంది. లక్షణాలు కూడా చాలామందిలో అదే వరసలో వస్తాయి. ముందు పొద్దున జరిగింది గుర్తుండదు. తర్వాత మాట తడబడుతుంది, తెలిసిన దారి తప్పుతుంది. ఇంకా ముదిరితే బట్టలు కట్టుకోవడం, స్నానం చేయడం కూడా రాకుండా పోతాయి.

టావ్ పోగులు పెరిగినచోట కణాలు చస్తాయి, కణాలు చచ్చినచోట మెదడు కుంచించుకుంటుంది. ఎంఆర్ఐ చూసేది ఈ చివరి ఫలితాన్ని మాత్రమే. ప్రొటీన్ దానికి కనపడదు. అయినా తీవ్రత విషయంలో అది బాగా పనికొస్తుంది. ఎందుకంటే మనిషి మరుపు ఎంత పెరిగిందన్నది, అమిలాయిడ్ ఎంత పేరుకుందన్నదానికంటే, కణాలు ఎంత పోయాయన్నదానితోనే దగ్గరగా ముడిపడి ఉంటుంది.

దాన్ని కొలిచే తీరు కాస్త దగ్గర నుంచి చూడాలి. నుదుటికి సమాంతరంగా, హిప్పోకాంపస్ పొడవుకు అడ్డంగా కోసినట్టు తీసే పలకలను కరోనల్ చిత్రాలంటారు. వాటిలో రెండు వైపులా కింద, చెవుల ఎత్తులో, హిప్పోకాంపస్ చిన్న బూడిదరంగు ముద్దలా కనిపిస్తుంది. దాని పక్కన నీటితో నిండిన రెండు ఖాళీలుంటాయి. ఒకటి కొరాయిడ్ చీలిక, రెండోది టెంపొరల్ హార్న్. నెదర్లాండ్స్ వైద్యుడు ఫిలిప్ షెల్టెన్స్ బృందం 1992లో ఈ మూడింటినీ కంటితో చూసి 0 నుంచి 4 దాకా మార్కులు వేసే పద్ధతిని ప్రతిపాదించింది. దాన్ని ఎంటీఏ స్కోరు అంటారు. చీలిక మాత్రమే కొంచెం వెడల్పయితే 1. టెంపొరల్ హార్న్ కూడా తెరుచుకుంటే 2. హిప్పోకాంపస్ ఎత్తు తగ్గిందని స్పష్టంగా తెలిస్తే 3. దాదాపు చదునైపోతే 4. 75 ఏళ్లలోపువాళ్లకు 2 వచ్చినా అనుమానించాల్సిందే. 75 దాటితే 3 వచ్చేదాకా వయసు ఖాతాలో వేయవచ్చని ఎక్కువమంది పాటించే లెక్క. ఈ స్కోరుకు ప్రత్యేక యంత్రం గానీ, ఖరీదైన సాఫ్ట్‌వేర్ గానీ అక్కర్లేదు. కరోనల్ పలకలు తీసి ఉంటే చాలు, అలవాటున్న రేడియాలజిస్టుకు రెండు నిమిషాల పని. అయినా మామూలు రిపోర్టుల్లో ఇది కనిపించడం అరుదు. 'వయసుతో వచ్చిన కుంచింపు' అని ఒక్కమాట రాసి వదిలేసేచోట 'ఎంటీఏ కుడి 2, ఎడమ 3' అని రాస్తే న్యూరాలజిస్టుకు ఎంత మేలో, వచ్చే ఏడాది పోల్చి చూడటానికి ఎంత వీలో ఆలోచించండి. అది అడిగి రాయించుకోవాలి.

పోల్చి చూడటం అన్నదే అసలు విషయం. ఒక్క స్కాన్ ఆ రోజు పరిస్థితిని చెబుతుంది, రెండు స్కాన్లు వేగాన్ని చెబుతాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో హిప్పోకాంపస్ ఏడాదికి 1 నుంచి 1.5 శాతం తగ్గుతుంది. అల్జీమర్స్‌లో 4 నుంచి 5 శాతం దాకా తగ్గుతుంది. తేడా పెద్దదే అనిపిస్తుంది కానీ, ఒక్కో హిప్పోకాంపస్ పరిమాణమే సుమారు 3 మిల్లీలీటర్లు. అందులో నాలుగున్నర శాతమంటే రెండు మూడు నీటిచుక్కలంత. అంత చిన్న మార్పును పట్టుకోవాలంటే రెండుసార్లూ ఒకే యంత్రం, ఒకే సెట్టింగులు ఉండాలి. మొదటిసారి ఒకచోట 1.5 టెస్లా (అయస్కాంత శక్తి కొలత) యంత్రంలో, మరుసటి ఏడు ఇంకోచోట 3 టెస్లాలో తీయిస్తే, వచ్చిన తేడా జబ్బుదో యంత్రానిదో తేల్చడం కష్టం. లోపల పడుకున్నప్పుడు తల కదిలితే బొమ్మ మసకబారి, ఉన్న మెదడు కూడా తక్కువగా లెక్కకొస్తుంది. మరుపున్న మనిషిని ఆ గొట్టంలోకి, ఆ మోతలోకి ఒంటరిగా పంపితే కదలకుండా ఎలా ఉంటారు? ముందు నెమ్మదిగా చెప్పి, చెవుల్లో దూది పెట్టి, ఇంట్లోవాళ్లు ఒకరు కాలు పట్టుకుని పక్కన నిలబడగలిగితే స్కాన్ నాణ్యతే మారిపోతుంది. లోహపు వస్తువులేవీ లేకుండా లోపలికి రానిచ్చే సెంటర్లున్నాయి, అడగాలి.

ఇంకో సంగతి విజయవాడవాళ్లు తప్పక తెలుసుకోవాలి. ఒంట్లో నీళ్లు తగ్గితే మెదడు పరిమాణం కూడా కొలతలో తగ్గుతుంది. ఆరోగ్యవంతులను సుమారు 16 గంటలు నీళ్లు తాగకుండా ఉంచి చూసిన ఒక అధ్యయనంలో మెదడు పరిమాణం అరశాతానికి పైగా తగ్గినట్టు తేలింది. మన మే నెల ఎండలో, అసలే దాహం వేసినా అడగలేని పెద్దాయన్ను మధ్యాహ్నం రెండింటికి స్కాన్‌కు తీసుకెళ్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పొద్దున్నే తీయించి, డాక్టరు వద్దనకపోతే ముందు నీళ్లు తాగించి తీసుకెళ్లడం మంచిది.

ప్రొటీన్‌ను నేరుగా చూడాలంటే పెట్ స్కాన్ కావాలి. ఈ ప్రాంతంలో పెట్ అనగానే క్యాన్సరే గుర్తొస్తుంది. అదే యంత్రంతో మెదడునూ చూడవచ్చు, ఎక్కించే మందు మారుతుంది అంతే. ఎఫ్‌డీజీ అనే గ్లూకోజ్ మందుతో తీస్తే మెదడులో ఏ భాగం చక్కెరను తక్కువగా వాడుకుంటోందో తెలుస్తుంది. అల్జీమర్స్‌లో తల వెనక, పక్కల ఉండే పెరైటల్, టెంపొరల్ భాగాలు ముందుగా మందగిస్తాయి. జబ్బు ముదిరేకొద్దీ ఆ మందగింపు ముందు వైపుకు పాకుతుంది. అందువల్ల తీవ్రతను అంచనా వేయడానికి ఇది నమ్మదగిన సాధనమే. రక్తంలో షుగర్ ఎక్కువగా ఉంటే మాత్రం మందు మెదడుకు సరిగా చేరక బొమ్మ పేలవంగా వస్తుంది. షుగరు లేని ఇల్లు కరువైన ఈ రోజుల్లో ఈ జాగ్రత్త చిన్నది కాదు.

అమిలాయిడ్‌ను బతికున్న మనిషిలో చూడగలిగిన మొదటి ఫలితాలు 2004లో వెలువడ్డాయి. 2012 నుంచి అమెరికాలో ఫ్లోర్‌బెటాపిర్ లాంటి, స్కాన్ కోసం ఎక్కించే మందులకు వరసగా అనుమతులొచ్చాయి. టావ్‌ను చూపించే ఫ్లోర్‌టాసిపిర్‌కు 2020లో అనుమతి వచ్చింది. ఈ రెంటి మధ్య తేడా తెలుసుకుంటే సగం గందరగోళం తీరుతుంది. అమిలాయిడ్ లక్షణాలకు 15, 20 ఏళ్ల ముందే పేరుకోవడం మొదలుపెడుతుంది. మరుపు బయటపడే నాటికి దాదాపు నిండిపోయి, అక్కడి నుంచి పెద్దగా పెరగదు. కాబట్టి అమిలాయిడ్ స్కాన్ పాజిటివ్ వచ్చిందంటే జబ్బు ప్రక్రియ ఉందని అర్థం, ముదిరిందని అర్థం కాదు. 70 దాటి, జ్ఞాపకం శుభ్రంగా ఉన్నవాళ్లలో కూడా కనీసం ఐదుగురిలో ఒకరికి అది పాజిటివ్ వస్తుంది. టావ్ అలా కాదు. అది ఎక్కడ ఉంటే అక్కడి పని చెడుతుంది, ఎంత పాకితే మనిషి అంత తగ్గుతాడు. తీవ్రతకు అన్నిటికంటే దగ్గరగా నడిచే బొమ్మ టావ్ పెట్‌దే.

2024లో అమెరికాలోని అల్జీమర్స్ అసోసియేషన్ కార్యబృందం ప్రకటించిన సవరణ ప్రమాణాలు దీన్నే పునాదిగా తీసుకున్నాయి. అమిలాయిడ్ మాత్రమే ఉంటే మొదటి దశ. టావ్ మెదడు లోపలి టెంపొరల్ భాగానికి పరిమితమైతే రెండోది. పైపొరకు కొంత పాకితే మూడు, ఎక్కువగా పాకితే నాలుగు. దీంతోపాటు లక్షణాలకు వేరే వరస పెట్టారు. రెంటినీ పక్కపక్కన చూడమన్నారు. ఇందులో నిజంగా విలువైనది రెండు వరసలూ కలవని సందర్భం. టావ్ కొంచెమే ఉండి మనిషి బాగా దెబ్బతిని కనిపిస్తే, పక్కన ఇంకో జబ్బేదో ఉందని వెతకాలి. టావ్ చాలా ఉండి మనిషి నిలకడగా ఉంటే, ఆ మెదడుకు తట్టుకునే శక్తి ఎక్కువని అర్థం.

అయితే ఈ స్కాన్ మందులు సామాన్యుడికి అందుబాటులోకి రావడం తేలిక కాదు. డబ్బు ఒక్కటే అడ్డు కాదు, గడియారం కూడా అడ్డే. వీటిలో వాడే ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పదార్థం ప్రతి 110 నిమిషాలకూ సగం అయిపోతుంది. దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం హైదరాబాద్‌లో ఉండి, మందు రోడ్డు మీద విజయవాడకు వస్తోందనుకుంటే, అయిదు గంటల ప్రయాణంలో బయల్దేరినదాంట్లో ఏడో వంతుకు కాస్త ఎక్కువగా మాత్రమే మిగులుతుంది. సూర్యాపేట దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇంకా తగ్గుతుంది. క్యాన్సర్ రోగులు రోజూ ఉంటారు కాబట్టి ఎఫ్‌డీజీ తెప్పించడం గిట్టుబాటవుతుంది. ఎప్పుడో ఒకరికి కావలసిన టావ్ మందును అలా తెప్పించడం కష్టం. అందుకే పి-టావ్217 (రక్తంలో కనిపించే ఒక రకం టావ్) లాంటి రక్తపరీక్షల మీద ఇప్పుడు ఆశలు పెరిగాయి. ఆ తరహా పరీక్ష ఒకదానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 మేలో అనుమతి ఇచ్చింది.

తట్టుకునే శక్తి గురించి చెప్పడానికి దూరం వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒక్క భాషే తెలిసినవాళ్లకంటే రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువు రానివాళ్లలోనూ ఇది కనిపించడం విశేషం. స్కాన్ల వైపు నుంచీ ఇలాంటి సాక్ష్యమే ఉంది. బయటికి ఒకే స్థాయిలో కనిపించే రోగుల్ని పోల్చినప్పుడు, ఎక్కువ చదువుకున్నవాళ్ల మెదడే లోపల ఎక్కువ దెబ్బతిని ఉన్నట్టు అమెరికాలో యాకొవ్ స్టెర్న్ బృందం 1992లో చూపించింది. బ్రాడీపేటలో ఉండే ఒక రిటైర్డ్ లెక్చరర్‌నూ, తెనాలి దగ్గర పల్లెలో బడి గడప తొక్కని ఒక రైతు ఇల్లాలినీ ఊహించుకోండి. ఇద్దరి ఎంటీఏ స్కోరూ 3. ఆయన ఇంకా పత్రిక చదివి చర్చ పెడుతుండవచ్చు, ఆవిడ ఇంట్లో గదులే మర్చిపోతుండవచ్చు. స్కోరు ఒకటే కాబట్టి స్టేజీ ఒకటే అంటే ఇద్దరికీ అన్యాయమే. పైగా ఆవిడకు వందలోంచి ఏడు తీసేస్తూ పోవడం, వాక్యం రాయడం లాంటి ప్రశ్నలున్న పరీక్ష పెడితే, జబ్బు లేకపోయినా మార్కులు తగ్గుతాయి. చదువురానివాళ్ల విషయంలో స్కాన్ చేసే నిజమైన మేలు ఇక్కడే ఉంది. మార్కులు తగ్గడం బడి లేకపోవడం వల్లా, జబ్బు వల్లా అన్నది తేల్చడానికి అది సాయపడుతుంది.

ఇప్పుడు కంప్యూటర్ల సంగతి. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో 'డీప్ లెర్నింగ్‌తో (బొమ్మలు చూపించి కంప్యూటర్‌కు నేర్పే పద్ధతితో) ఎంఆర్ఐ చూసి అల్జీమర్స్ తీవ్రతను గుర్తించడం' అన్నది బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టులకు బాగా నచ్చిన అంశం. విద్యార్థులు ఇలాంటి విషయం ఎంచుకోవడం చాలా సంతోషించాల్సిన సంగతి. కానీ ఎక్కువమంది వాడే చిత్రాల సమాహారాన్ని ఒక్కసారి లెక్కవేసి చూడాలి. కాగుల్ అనే వెబ్‌సైట్‌లో దొరికే ఆ సమాహారంలో మొత్తం 6,400 చిత్రాలు. డిమెన్షియా లేనివి 3,200, అతి తేలికపాటివి 2,240, తేలికపాటివి 896, మధ్యస్థంగా ముదిరినవి 64. ఈ నాలుగు అంకెలూ 32తో నిశ్శేషంగా భాగమవుతాయి: 100, 70, 28, 2. వాషింగ్టన్ యూనివర్సిటీవాళ్లు 2007లో విడుదల చేసిన ఒయాసిస్-1 అనే సమాహారంలో డిమెన్షియా ఉన్నవాళ్లు సరిగ్గా వంద మంది. వాళ్లలో సీడీఆర్ 0.5 ఉన్నవాళ్లు 70 మంది, 1 ఉన్నవాళ్లు 28 మంది, 2 ఉన్నవాళ్లు ఇద్దరు. అంకెలు అచ్చంగా కుదురుతున్నాయి. అంటే ఒక్కో మనిషి మెదడు నుంచి 32 పలకలు తీసి విడివిడి బొమ్మలుగా పెట్టారన్నమాట. 'మధ్యస్థ తీవ్రత' అన్న వర్గం మొత్తం ఇద్దరు మనుషులే.

ఆ బొమ్మల్ని కలగాపులగం చేసి, ఎనభై శాతం నేర్పడానికి, ఇరవై శాతం పరీక్షించడానికి వాడితే ఏమవుతుంది? ఒకే మనిషి పలకలు రెండు వైపులా పడతాయి. ఒకరి మెదడులో పక్కపక్క పలకలు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి, కంప్యూటర్ జబ్బును కాకుండా మనిషిని గుర్తుపడుతుంది. రిజల్టు 99 శాతం అని వస్తుంది. అదే ప్రోగ్రాంను గుంటూరు పెద్దాసుపత్రికి వచ్చిన కొత్త రోగి ఎంఆర్ఐ మీద నడిపితే ఆ 99 నిలబడదు. దీన్ని సరిదిద్దడం సాధ్యమే. ఒయాసిస్ అసలు ఫైళ్లు పరిశోధకులకు దొరుకుతాయి. వాటిలో ఏ చిత్రం ఎవరిదో ఉంటుంది. మనిషివారీగా విడదీసి పరీక్షించాలి. అంకె 70కో 75కో పడిపోవచ్చు, కానీ అది నిజమైన అంకె. గైడ్లు, వైవాకు వచ్చే ఎగ్జామినర్లు ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ప్రాజెక్టుల తీరు మారుతుంది.

ఈ వ్యవహారంలో ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. ఆ బొమ్మలకు వేసిన వర్గాల పేర్లు వచ్చింది సీడీఆర్ నుంచి, అంటే రోగితో, ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడి వేసిన మార్కుల నుంచి. స్కాన్ చూసి తీవ్రత చెప్పడం నేర్చుకునే కంప్యూటరు కూడా, మొదట ఎవరో ఒక వైద్యుడు ఓపికగా అడిగి రాసుకున్న మాటల మీదే ఆధారపడుతోంది.

హిప్పోకాంపస్ పరిమాణాన్ని తనంతట తానే లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌లు ఇప్పుడు మన దగ్గరా వస్తున్నాయి. 'మీ వయసువాళ్లలో మీరు అయిదో శాతంలో ఉన్నారు' అని, అంటే వందలో సుమారు 95 మంది హిప్పోకాంపస్ మీదానికంటే పెద్దదని రంగురంగుల కాగితం ఇస్తాయి. ఆ వయసువాళ్లు ఎవరు అన్నదే ప్రశ్న. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2019లో వంద మంది భారతీయ యువతీయువకుల స్కాన్లతో మెదడు నమూనా తయారుచేసి, పాశ్చాత్యుల నమూనాలతో పోల్చారు. సగటున మన మెదడు పొడవు, వెడల్పు, ఎత్తుల్లో చిన్నదని తేలింది. అది తెలివికి సంబంధించిన సంగతి కాదు, కొలబద్దకు సంబంధించిన సంగతి. పాశ్చాత్యుల పట్టికతో మన పెద్దవాళ్లను కొలిస్తే లేని కుంచింపు కనిపించవచ్చు. తెలుగు ప్రాంతపు వృద్ధుల స్కాన్లతో మన సొంత పట్టిక తయారు కావాలి. మంగళగిరి ఎయిమ్స్ విజయవాడ, గుంటూరుల మధ్యనే ఉంది, గుంటూరు వైద్య కళాశాల 1946 నుంచీ ఉంది. అలాంటి పనికి చోటు ఇక్కడే ఉంది.

కొత్త మందులొచ్చాక తీవ్రతను సరిగ్గా కొలవడం అవసరంగా మారింది. అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్‌కు 2023లో, డొనానెమాబ్‌కు 2024లో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. రెండూ తొలిదశలోనివాళ్లకే. లెకానెమాబ్ 18 నెలల్లో క్షీణతను 27 శాతం నెమ్మదింపజేసింది, ఆపలేదు. డొనానెమాబ్ ప్రయోగంలో టావ్ పెట్ తీసి రోగుల్ని విడదీశారు. టావ్ తక్కువగా, మధ్యస్థంగా ఉన్నవాళ్లలో 35 శాతం మేలు కనిపించింది. టావ్ బాగా ఎక్కువైనవాళ్లను కూడా కలిపి చూస్తే మేలు తగ్గిపోయింది. పైగా కొందరిలో మెదడులో వాపు, చిన్న చిన్న రక్తస్రావాలు వస్తాయి కనుక మధ్యమధ్య ఎంఆర్ఐ తీస్తూనే ఉండాలి. ఎవరైనా ఈ మందులు పెడతామంటే, ఏ దశలో ఉన్నారో తేలకుండా ఒప్పుకోకూడదు.

ఇంతా చెప్పి, మన దగ్గర మెదడు స్కాన్ చేసే అతిపెద్ద ఉపకారం వేరే ఉందని చెప్పకపోతే తప్పవుతుంది. నయమయ్యే మరుపును అది పట్టుకుంటుంది. బాత్రూంలో జారిపడ్డ సంగతి ఎవరికీ గుర్తుండదు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునే పెద్దాయనకు మూడు నాలుగు వారాల తర్వాత మాట తేడా వస్తుంది, మబ్బుగా ఉంటారు. పుర్రె కింద నెమ్మదిగా చేరిన రక్తం మామూలు సీటీలోనే కనపడుతుంది, ఆపరేషన్‌తో తీసేస్తే మనిషి తేరుకుంటారు. అడుగులు ఈడుస్తూ నడవడం, మూత్రం ఆపుకోలేకపోవడం, మరుపు మూడూ కలిసి వస్తే మెదడు గదుల్లో నీరు చేరిందేమో చూడాలి. థైరాయిడ్, బీ12 లోపాలకు రక్తపరీక్ష చాలు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగుల్లో బీ12 తగ్గడం మామూలే. స్కాన్ అంటే భయపడి వాయిదా వేసే కుటుంబాలు ఈ కారణం ఒక్కటి చాలనుకుని వెళ్లాలి. వెళ్లినప్పుడు రిపోర్టు కాగితంతో ఊరుకోకుండా చిత్రాలున్న సీడీ లేదా లింకు తీసుకుని భద్రపరచాలి. వచ్చే ఏడాది పోల్చడానికి కావలసింది బొమ్మలే. హిప్పోకాంపస్‌కు అడ్డంగా కరోనల్ పలకలు తీయమని, ఎంటీఏ స్కోరు రాయమని, తెల్లపదార్థంలో మచ్చలకు 0 నుంచి 3 దాకా వేసే ఫజెకాస్ స్కోరు కూడా రాయమని డాక్టరు చీటీ మీదే రాయించుకోవచ్చు. ఫజెకాస్ ఎక్కువగా ఉంటే బీపీ, షుగర్ల మీద పట్టు బిగించడానికి అవకాశం ఉంది. అల్జీమర్స్‌తో కలిసి దెబ్బతీసే ఆ రక్తనాళాల జబ్బును అదుపు చేయడం మన చేతుల్లో ఉన్న పని.

చివరగా, ఈ జిల్లాల్లో స్కాన్ రిపోర్టు ఆసుపత్రిలోనే ఆగదు. భూముల ధరలు పెరిగినచోట అది లాయరు ఆఫీసుకూ వెళ్తుంది. తండ్రి చేసిన రిజిస్ట్రేషనో వీలునామానో చెల్లదనడానికి ఒక కొడుకు 'అట్రోఫీ' అన్న మాటను చూపిస్తాడు, ఆయన బాగానే ఉన్నారనడానికి ఇంకో కొడుకు 'ఏజ్ రిలేటెడ్' అన్న మాటను చూపిస్తాడు. ఒప్పందాల విషయంలో 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ అడిగేది మెదడు పరిమాణాన్ని కాదు. ఒప్పందం చేసే సమయానికి దాన్ని అర్థం చేసుకుని, తన మేలుకీడులు విచారించుకునే స్థితిలో ఆ మనిషి ఉన్నారా లేదా అన్నదే దానికి కావాలి. మామూలుగా మతి స్థిమితం లేకపోయినా మధ్యలో స్థిమితం ఉన్న సమయంలో చేసిన ఒప్పందం చెల్లుతుందని కూడా అదే సెక్షన్ చెబుతుంది. మూడు నెలల కిందటి ఎంఆర్ఐలో కుంచింపు ఉందన్నంత మాత్రాన ఆ రోజు ఆయనకు తెలివి లేదని రుజువు కాదు. కుంచింపు లేదన్నంత మాత్రాన ఉందనీ కాదు. మరుపు మొదలైన పెద్దవాళ్లు తమ ఆస్తి తమ ఇష్టప్రకారం ఇవ్వాలనుకుంటే, సంతకం చేసే రోజునే న్యూరాలజిస్టో సైకియాట్రిస్టో వాళ్లతో విడిగా మాట్లాడి, ఏ ఆస్తి ఎవరికి ఎందుకు ఇస్తున్నారో వాళ్ల మాటల్లోనే రాసి, సీడీఆర్ అంకె వేసి, తేదీతో సంతకం చేసిన కాగితం తీసుకోవడం ఎన్ని స్కాన్ల కంటేనైనా గట్టి ఆధారం.